నాన్న హార్మోనియం పెట్టె: పన్నెండేళ్లుగా ఇంట్లోనే బాగుచేసుకుంటూ

మా నాన్న రామాలయం భజనల్లో వాయించిన పెట్టె ఇది. డబుల్ రీడ్, అంటే మెట్టుకు రెండు రీడ్లు (గాలికి పలికే సన్నటి ఇత్తడి నాలుకలు). 42 మెట్లు కాబట్టి లోపల 84 రీడ్లు. ఒక మెట్టు నొక్కితే మరో స్థాయిలోని అదే స్వరాన్నీ పలికించే కప్లర్ లేదు, మెట్ల వరుసను జరిపి శ్రుతి మార్చే స్కేల్ ఛేంజర్ లేదు. పన్నెండేళ్ల కిందట నా చేతికి వచ్చేసరికి తిత్తి ఎంత ఊపినా గాలి నిలిచేది కాదు, ఏడెనిమిది మెట్లు అసలు పలికేవి కావు. ఒక రిపేరు షాపులో చూపిస్తే విప్పకుండానే “రీడ్లన్నీ పోయాయి, కొత్త సెట్టు వేయాలి” అన్నారు. మనసొప్పలేదు. ఇంటికి తెచ్చేసి, ఒక ఆదివారం నేనే స్క్రూలు విప్పాను. మెట్లు ఒక్కొక్కటే పైకి తీస్తుంటే ప్రతిదాని అడుగునా పెన్సిల్‌తో అంకె కనిపించింది. నాన్న చేతిరాత. ఆయన కూడా ఎప్పుడో విప్పారన్నమాట! చాలాసేపు ఆ మెట్లను అలా చేతిలో పట్టుకునే కూర్చున్నాను.

పోయింది రీడ్లు కాదు, తోలు. రీడ్లకు గాలి వదిలే స్టాపర్లన్నీ మూసి తిత్తి ఊపితే కాసేపటికి అది బిగుసుకుని చేతికి ఎదురు తిరగాలి. నాది మెత్తగా ఊగుతూనే ఉండేది. అగరబత్తి వెలిగించి మడతల పక్కన నెమ్మదిగా తిప్పాను. మూలల దగ్గర పొగ చెదిరింది. అక్కడ పల్చటి గొర్రె తోలు ముక్కలు ఫెవికాల్‌తో అంటించి, ఒక రాత్రంతా ఆరనిచ్చాను. మర్నాడు గాలి నిలిచింది, సగం జబ్బు దానితోనే పోయింది.

మిగతా సగం దుమ్ము. రీడు అంటే ఇత్తడి పలక మీద రివెట్ కొట్టిన సన్నటి నాలుక. దానికీ గాడికీ మధ్య నలుసు పడితే చాలు, మూగబోతుంది లేదా జుయ్‌మంటుంది. మెత్తటి పొడి బ్రష్‌తో రివెట్ వైపు నుంచి కొనవైపు తుడవాలి. అప్పటికీ పోకపోతే నాలుక పక్కగా పల్చటి కాగితం దూర్చి మెల్లగా లాగాలి. నూనె మాత్రం చుక్క కూడా వేయొద్దు, దుమ్ము ఇంకా అతుక్కుంటుంది.

శ్రుతి దగ్గరే నేను నష్టపోయాను. నాలుక కొన దగ్గర గీకితే స్వరం పెరుగుతుంది, రివెట్ దగ్గర గీకితే తగ్గుతుంది. ఒక రీడు తగ్గి పలుకుతోందని తుడవకుండానే కొన గీకేశాను. నిజానికి కొనమీద పేరుకున్న మట్టి బరువే దాన్ని తగ్గించింది. మట్టి పోగానే స్వరం పైకి పోయింది, దాన్ని దించడానికి మళ్లీ రివెట్ దగ్గర గీకాను. పల్చబడిన ఆ నాలుక కొన్ని నెలలకే విరిగింది. గుజరాత్‌లోని పాలీతానా రీడ్లకు మంచి పేరు, అక్కడిదే ఒకటి తెప్పించి వేశాను. పన్నెండేళ్లలో నేను మార్చిన రీడు అదొక్కటే.

అందుకే చెబుతున్నాను, గాలి, దుమ్ము సంగతి తేలాకే ఆకురాయి పట్టండి. గీకిన వెంటనే కొలవకండి, ఇత్తడి వేడెక్కి ఉంటుంది, చల్లారనివ్వండి. తిత్తి ఒకే ఒత్తిడితో వేయాలి, గట్టిగా ఊపితే స్వరం కాస్త దిగుతుంది. నేను మధ్య స్థాయిలోని పన్నెండు స్వరాలను ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని 440కి (A స్వరం సెకనుకు 440 కంపనాలు అనే ప్రమాణానికి) సరిచేస్తాను. మిగతావి చెవితోనే. రెండు రీడ్లు కలిసి పలికినప్పుడు వచ్చే ఊగులాట ఆగిందంటే కలిసినట్టే.

బందరులో ఉన్నన్నాళ్లూ వానాకాలంలో మెట్లు ఉబ్బి పట్టేసేవి. గరుకు కాగితంతో రుద్దాలనిపిస్తుంది, కానీ వద్దు, ఎండాకాలానికి అవే వదులైపోతాయి. హైదరాబాద్ వచ్చాక ఆ బాధ తగ్గింది కానీ ఎండలకు తోలు బిరుసెక్కుతోంది. బొద్దింకలకు రెండు చోట్లా కొదవ లేదు, గుడ్డలో కట్టిన కలరా ఉండలు పెట్టెలో ఒక మూలన ఉంచుతాను.

నాదం మాత్రం ఇప్పటికీ నిండుగా, గంభీరంగా ఉంది. నేను వాయించి చూసిన కొత్త పెట్టెల్లో ఏదీ నాకు ఇంతలా నచ్చలేదు. ఈమధ్య మంద్రంలో రెండు రీడ్లు మెట్టు నొక్కిన క్షణం తర్వాత పలుకుతున్నాయి, నాలుక కొన కాస్త ఎక్కువ లేచినట్టుంది. శ్రీరామనవమి భజనలు అయ్యాక విప్పుతాను.