గాలి గుడారంలో రాత్రి చేపల వేట: చాలాకాలం వాడిన తర్వాత

కడ్డీల బదులు గాలి నింపిన గొట్టాల మీద నిలబడే ఈ గుడారాలు అమ్మేవాళ్లు ముందుగా చెప్పేది వేగం గురించే. పంపు తగిలిస్తే నిమిషాల్లో లేచి నిలబడుతుందంటారు. నిజమే, లేస్తుంది. కానీ మేకులు దిగగొట్టడం, తాళ్లు బిగించడం, కింద పట్టా పరవడం ఆ నిమిషాల్లో కలపరు. అన్నీ లెక్కేసుకుంటే కడ్డీల గుడారంతో పోల్చి మిగిలే సమయం అంతంతమాత్రమే. నేను దీన్ని ఇప్పటికీ వాడుతున్నది ఈదురుగాలి కోసం. గాలి విసురుకు ఫైబర్ కడ్డీ ఒక హద్దు దాకా వంగి, ఆపైన విరుగుతుంది. గాలి గొట్టం వంగినా, ఉధృతి తగ్గగానే మళ్లీ నిటారుగా లేస్తుంది. అలాగని తాళ్లు కట్టడానికి బద్ధకిస్తే మాత్రం గుడారం నీళ్లలో తేలుతుంది.

కొత్తవాళ్లను కంగారుపెట్టేది తెల్లవారుజాము. మెలకువ వచ్చేసరికి పైకప్పు కాస్త దిగి ఉంటుంది, గొట్టం వంపు దగ్గర సన్నని ముడత కనిపిస్తుంది. పంక్చర్ అనుకుంటారు. చాలాసార్లు అది చలి పని. సాయంత్రం 30 డిగ్రీల వేడిలో 7 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా నింపిన గొట్టం, 15 డిగ్రీలకు చల్లబడితే సుమారు 6కు పడిపోతుంది. పడుకునే ముందు పంపుతో నాలుగు దెబ్బలు అదనంగా కొడితే చాలు. అందుకే చేతి పంపే నా ఎంపిక. అర్ధరాత్రి ఒడ్డున విద్యుత్ పంపు చేసే గోలకు పక్కన గాలం వేసినవాళ్లు శాపనార్థాలు పెడతారు. మిట్టమధ్యాహ్నం వ్యవహారం తిరగబడుతుంది: ఎండకు గొట్టాలు బిగుసుకుపోతాయి, కొంచెం గాలి వదలాల్సిందే.

గాలపు ముల్లు గుచ్చుకుంటుందనే భయం నాకు అంతగా లేదు. గొట్టం లోపల గాలి నిలిపే తిత్తికి పైన దళసరి గుడ్డ తొడుగు ఉంటుంది. నన్ను ఎక్కువగా వేధించింది వాల్వులో ఇరుక్కునే ఇసుక రేణువు. కంటికి ఆనదు, గాలి మాత్రం రాత్రంతా జారిపోతూనే ఉంటుంది. మూత తిప్పే ముందు వేలితో తుడవడం అలవాటు చేసుకోవాలి. కొనేటప్పుడు గొట్టాలను ఒకదాని నుంచి ఒకటి విడిగా మూసే ఏర్పాటు ఉందో లేదో చూడండి. లేకపోతే ఒక్క చోట కారినా మొత్తం గుడారం మీద పడుతుంది.

బరువు దీని అసలు లోపం. బండి ఒడ్డు దాకా వెళ్లే చోట ఇబ్బంది లేదు. గట్టు వెంట చాలాదూరం నడవాలంటే నేను దీన్ని ఇంట్లోనే వదిలేస్తాను. లోపల చెమ్మ సమస్య ఏ ఒంటిపొర గుడారానికైనా తప్పదు. తలుపు కొంత తెరిచి పెట్టుకోవాలి, పైపొర విడిగా దొరికితే కొనుక్కోవాలి. చలిగా ఉందని లోపల స్టవ్ వెలిగించడం మాత్రం ప్రాణాంతకం, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇక ఆరబెట్టడం. కడ్డీల గుడారంలో గుడ్డ ఒక్కటే తడుస్తుంది. ఇందులో తొడుగుకూ తిత్తికీ మధ్య కూడా నీరు చేరుతుంది. ఇంటికి రాగానే మళ్లీ గాలి నింపి, తొడుగు జిప్పులు తెరిచి నీడలో ఆరబెట్టాలి. తడిగా చుట్టేస్తే బూజు పడుతుంది, ఆ వాసన ఎంత కడిగినా ఒక పట్టాన వదలదు.