ఓపెన్ బిల్డింగ్స్: పైకప్పుల లెక్కకు భేష్, కుటుంబాల లెక్కకు కాదు

ఊళ్ల మ్యాపులు గీసిపెట్టడం నా పని. శాటిలైట్ ఫొటో మీద ఒక్కో ఇంటి చుట్టూ మౌస్‌తో గీత గీస్తూ కూర్చుంటే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ఆ చాకిరీ తప్పుతుందని, కట్టడాల అంచులు ముందే గీసి గూగుల్ ఉచితంగా ఇస్తున్న ఓపెన్ బిల్డింగ్స్ డేటా వాడుతున్నాను. నాలుగు స్టార్లు ఇస్తాను.

ఘనాలోని అక్రాలో ఉన్న వాళ్ల రీసెర్చ్ టీమ్ 2021లో ఆఫ్రికాతో మొదలుపెట్టింది. 2023 నాటి మూడో వెర్షన్‌కి మన దేశంతో పాటు ఇంకా చాలా దేశాలు కలిపి 180 కోట్ల కట్టడాలయ్యాయి. ఒక్కో పిక్సెల్ (ఫొటోలోని చుక్క) నేల మీద 50 సెంటీమీటర్లుండే ఫొటోలో ఏ పిక్సెల్ కట్టడానిదో డీప్ లెర్నింగ్ మోడల్ (ఫొటోలు చూసి నేర్చుకున్న ప్రోగ్రాం) తేల్చి అంచులు గీస్తుంది. అంటే పదడుగుల గది దానికి ఒక్కో వైపు ఆరు పిక్సెళ్లు. అందులో మూలలు కూడా తిన్నగా రావాలంటే అత్యాశే. విడిగా ఉండే రైస్ మిల్లు, కోళ్ల షెడ్డు మాత్రం ముచ్చటగా వస్తాయి.

నాకు బాగా నచ్చింది, ప్రతి కట్టడానికీ అది నిజంగా కట్టడమేనని మోడల్‌కి ఎంత నమ్మకమో చెబుతూ 0.65 నుంచి 1 దాకా ఇచ్చిన స్కోరు. ఏ ప్రాంతంలో ఎంత స్కోరు పైవి తీసుకుంటే సుమారు 90 శాతం సరైనవి ఉంటాయో వేరే ఫైల్లో పెట్టారు. అది చూడకుండా నోటికొచ్చిన అంకె పెట్టేసుకుంటే ఆ తప్పు డేటాది కాదు.

గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు విడివిడిగా రాకపోవచ్చని తయారుచేసినవాళ్లే రాశారు. మన పాత వీధులన్నీ అలాంటివే కదా! అన్నదమ్ములు పంచుకున్న మండువా లోగిలి పైనుంచి చూస్తే ఒకటే పెంకు, కింద మూడు రేషన్ కార్డులు. కోనసీమలో కొబ్బరి మట్టల చాటున ఉన్న ఇల్లయితే అసలు ఫొటోలోనే పడదు, మోడల్‌ని అని ఏం లాభం? అందుకే తుఫాను సాయం పంచడానికి కుటుంబాల లెక్క కావాలంటే ఇది ఇవ్వను. ఏ వీధి కిక్కిరిసి ఉంది, సర్వేకి ఎంతమందిని పంపాలి అంటే మాత్రం ధీమాగా ముందు పెడతాను.

డౌన్‌లోడ్ చేసిన ఫైలుని ఎక్సెల్‌లో తెరవకండి. దానికి 10,48,576 వరుసలే పడతాయి. గూగుల్ వాళ్ల ఆన్‌లైన్ మ్యాప్ డేటా వేదిక ఎర్త్ ఇంజిన్‌లో మీ మండలం వరకు కోసుకుని, ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో వేసుకోండి. ఏ ఇల్లు ఏ తేదీ ఫొటోలోదో అందులో ఉండదు కాబట్టి కొత్త కాలనీ లేచిన ఊరైతే తాజా ఫొటో పక్కన పెట్టుకుని చూడండి.