షుగర్ క్లినిక్ ఏడాది ప్యాకేజీ: పాదాలకు ఫుల్ మార్కులు, వాట్సాప్‌కు సగమే

బెంగళూరు మారతహళ్లిలో తెలుగువాళ్లు ఎక్కువగా వెళ్లే ఈ క్లినిక్‌లో ఫీజు విజిట్‌కింత అని కాదు, ఏడాదికింత. చేయాల్సిన పరీక్ష తప్పితే దాని డబ్బు వెనక్కిస్తారు. అమెరికాలో పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 2017లో మొదలుపెట్టిన మిప్స్ పద్ధతి కూడా డాక్టర్ల చెల్లింపును నాణ్యతకు ముడిపెట్టిందే. హెచ్‌బిఎ1సి (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 9 శాతం దాటిన షుగర్ పేషెంట్లు ఎంతమంది అన్నది అక్కడ ఒక కొలమానం.

ఇక్కడ నిజంగా మెచ్చుకోవాల్సింది పాదాల పరీక్ష. సాక్స్ విప్పించి, కళ్లు మూసుకోమని, 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగు, అంటే మోనోఫిలమెంట్‌ను అరికాలికి నిలువుగా ఆనించి అది వంగేదాకా నొక్కుతారు. తగిలిందో లేదో పేషెంటే చెప్పాలి. ఆనెకాయ మీద నొక్కితే ఫలితం తప్పుతుంది, అందుకే దాని పక్కన పెడతారు. చాలాచోట్ల ఎగ్గొట్టేది ఈ రెండు నిమిషాల పనే!

హెచ్‌బిఎ1సి మూడు నెలలకోసారి, కిడ్నీల కోసం యూరిన్ ఆల్బుమిన్, కళ్ల కోసం రెటీనా పరీక్షలు ఏడాదికోసారి. రక్తహీనత ఉంటే హెచ్‌బిఎ1సి తప్పుదారి పట్టిస్తుంది, హిమోగ్లోబిన్ కూడా చూడమని అడగండి.

లోపమంతా వాట్సాప్‌లో ఉంది. రిమైండర్లు ఇంగ్లిష్‌లో, అదీ కొడుకు నంబరుకు వస్తాయి. అనంతపురం నుంచి వచ్చి ఉంటున్న పెద్దాయనకు తెలుగులో వాయిస్ మెసేజ్ పెడితే ఎంత మేలు! ఇంట్లో చూసిన రీడింగ్ పంపితే జవాబు మర్నాడు వస్తోంది. 70 కంటే తగ్గితే జవాబు కోసం ఆగొద్దు. మెలకువగా ఉండి మింగగలిగితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఈ మాట ప్యాకేజీ కార్డు మీద తెలుగులో అచ్చేయించాలి.