రెండు డాలర్ల కాగితం లేని పాత కారు కొనకండి

అమెరికాలో ఉంటూ పాత కార్ల మీద మనసు పడే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. టైటిల్ అంటే కారు యజమాని ఎవరో చెప్పే ప్రభుత్వ పత్రం. అమ్మేవాడు "టైటిల్ లేదు, కానీ తేలిగ్గా తెచ్చుకోవచ్చు" అన్నాడంటే బేరం అక్కడితో ఆపేసి ఇంటికి వచ్చేయండి. నేను ఆ మాట నమ్మి 16,000 డాలర్లు, ఎనిమిది నెలల శని ఆదివారాలు పోగొట్టుకున్నాను.

కారు 1966 ఫోర్డ్ మస్టాంగ్. ఎర్ర రంగు, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్, హార్డ్‌టాప్ (గట్టి రేకు పైకప్పు). టెక్సాస్‌లో మా ఇంటికి రెండు గంటల దూరంలో ఒకతను అమ్మకానికి పెట్టాడు. ఎవరో పెద్దాయన షెడ్డులో ఇరవై ఏళ్లు పడి ఉందని, ఆయన పోయాక కాగితాలు దొరకలేదని, అందుకే ఐదు వేలు తగ్గించి ఇస్తున్నానని చెప్పాడు. చేతిలో పెట్టింది మాత్రం అమ్మినట్టు చేత్తో రాసిన ఒక రసీదు. "వెర్మాంట్ రాష్ట్రానికి దరఖాస్తు పంపితే రిజిస్ట్రేషన్ వస్తుంది, దాన్ని చూపించి ఇక్కడ టైటిల్ తీసుకోవచ్చు, అందరూ చేసేదే" అన్నాడు.

ఒకప్పుడు అది నిజమే. పదిహేనేళ్లు దాటిన బండికి వెర్మాంట్ టైటిల్ అడిగేది కాదు, వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లకు కూడా పోస్టులోనే రిజిస్ట్రేషన్ ఇచ్చేది. 2023లో ఆ రాష్ట్రం నియమాలు బిగించి బయటివాళ్లకు ఆ దారిని దాదాపుగా మూసేసింది. డబ్బు చేతులు మారాక గానీ నాకు ఆ సంగతి తెలియలేదు. ఇప్పటికీ ఈ పాత చిట్కాను చెప్పి కార్లు అమ్ముతున్నారు, జాగ్రత్త.

ఇక మిగిలింది బాండెడ్ టైటిల్. దీని గురించి మనవాళ్లలో పెద్ద అపోహ ఉంది, నాకూ ఉండేది. టెక్సాస్‌లో కారు విలువకు ఒకటిన్నర రెట్ల మొత్తానికి ష్యూరిటీ కంపెనీ నుంచి బాండు (హామీ పత్రం) తీసుకుంటే, దాని ఆధారంగా టైటిల్ ఇస్తారు. బాండు మూడేళ్లు అమల్లో ఉంటుంది. మనం కట్టే ప్రీమియం ఆ మొత్తంలో చిన్న భాగమే కాబట్టి చవకలో పని అయిపోయిందనిపిస్తుంది. కానీ ఆ బాండు మన రక్షణ కోసం కాదు. అసలు యజమాని ఎవరైనా వచ్చి కారు నాది అంటే అతనికి నష్టం పూడ్చడానికి. కంపెనీ అతనికి చెల్లించిన సొమ్మును మళ్లీ మన దగ్గరే వసూలు చేసుకుంటుంది. అంటే ఆ మూడేళ్లూ భారం మన నెత్తి మీదే. పైగా దొంగిలించిన కారుకు ఈ దారి పనికే రాదు.

నా విషయంలో అంతవరకు కూడా వెళ్లలేదు. బాండుకు ముందు కారు నంబరును (రోడ్డు మీద కనిపించే లైసెన్సు నంబరు కాదు, ఫ్యాక్టరీలో ఒక్కో కారుకు ఇచ్చే గుర్తింపు నంబరు) పోలీసు శాఖలో కార్ల దొంగతనాలు చూసే అధికారితో తనిఖీ చేయించమన్నారు. ఆయన వచ్చి ముందు డ్రైవర్ తలుపు అంచున ఉన్న ప్లేటు చూశారు. 6ఎఫ్07సి అని మొదలవుతుంది. 6 అంటే 1966, ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ, 07 అంటే హార్డ్‌టాప్, సి అంటే 289 వీ8 ఇంజన్. నేను చూసి మురిసిపోయిన ప్లేటు అదే. తర్వాత ఆయన బానెట్ ఎత్తి, ఎడమ ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) అంచున ఉన్న చిన్న గాడిలోకి టార్చి వేసి, గుడ్డతో జిడ్డు తుడిచారు. లోపలి రేకు మీద అచ్చు గుద్దిన అంకెలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి: 6ఆర్07టి. శాన్ హోసేలో తయారైన ఆరు సిలిండర్ల కారు. తలుపు మీది ప్లేటు వేరే కారుది. నా గుండె జారిపోయింది.

తలుపు ప్లేట్లు కొత్తగా చేసి అమ్మేవాళ్లున్నారు. ఫోర్డ్ అసలు నంబరు గుద్దింది ఆ లోపలి రేకు మీద. ఎనిమిది నెలలు బ్రేకులు మార్చాను, సీట్లు కుట్టించాను, ఆ గాడిలోకి ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. అర నిమిషం పని అది.

ఆ అధికారి రేకు మీది నంబరుతో వెతికితే వేరే రాష్ట్రంలో టైటిల్ ఉందని తేలింది. దాని యజమాని కారును ఎవరికీ అమ్మలేదని చెప్పాడు. దొంగసొత్తును ఎంత నిజాయితీగా కొన్నా కొన్నవాడికి హక్కు రాదు. కారు తీసుకెళ్లిపోయారు. అమ్మినవాడి ఫోను ఆ వారం నుంచి పనిచేయడం లేదు.

నంబరు తేడాలు దొంగతనం లేకపోయినా ముంచుతాయి. 2016లో ఇండియానాలో 1959 కార్వెట్ కారు కొన్న ఒకాయన దాన్ని కాన్సస్‌లో రిజిస్టర్ చేయించబోతే, మరమ్మతుల్లో ఎవరో ఆ గుర్తింపు నంబరు ఉన్న ప్లేటు ఊడదీసి మళ్లీ బిగించారన్న కారణంతో పోలీసులు కారు స్వాధీనం చేసుకున్నారు. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. చివరకు 2022లో ఆ రాష్ట్రం చట్టమే మార్చాల్సి వచ్చింది.

ఇంటర్నెట్‌లో నంబరు కొట్టి చూశాను, ఏమీ రాలేదు, కాబట్టి కారు శుభ్రం అనుకోకండి. 17 అక్షరాల నంబరు 1981 మోడళ్ల నుంచి వచ్చింది. ఇంటర్నెట్‌లో వెతికే సౌకర్యాలు ఆ నంబరు కోసం తయారైనవి, అంతకు ముందు కార్లకు ఖాళీగా వచ్చే ఫలితానికి విలువ లేదు.

అన్ని కార్లకూ టైటిల్ ఉండి తీరాలని కూడా కాదు. న్యూయార్క్‌లో 1972, అంతకు ముందు మోడళ్లకు టైటిల్ ఇవ్వరు, పేరు మార్చుకోదగ్గ రిజిస్ట్రేషన్ ఇస్తారు. అలాంటి చోట అమ్మేవాడి పేరు మీద ఆ రిజిస్ట్రేషన్ ఉండాలి, అతని గుర్తింపు కార్డుతో సరిపోవాలి.

మిగతా చోట్ల ఒక్కటే అడగండి: "ముందు నువ్వు నీ పేరు మీద టైటిల్ తెచ్చుకో, అప్పుడు పూర్తి ధర ఇస్తాను." టెక్సాస్‌లో పోయిన టైటిల్‌కు నకలు పోస్టులో తెప్పించుకోవడానికి రుసుము 2 డాలర్లు. రికార్డులో యజమానిగా ఉన్నవాడికే అది ఇస్తారు. రెండు డాలర్లు కట్టడం మాని ఐదు వేలు తగ్గిస్తున్నాడంటే ఆ కాగితం అడిగే హక్కు అతనికి లేదన్నమాట. నాకు ఈ లెక్క అప్పుడే తట్టి ఉంటే బాగుండేది.

పోయిన వారం ఒక నీలం రంగు మస్టాంగ్ ప్రకటన చూశాను. షెడ్డులో ఇరవై ఏళ్లు, పోయిన పెద్దాయన, దొరకని కాగితాలు, అవే మాటలు. తలుపు ప్లేటుకు దగ్గరగా తీసిన ఫోటో ఉంది. ఫెండర్ గాడి ఉన్న వైపు బానెట్ ఎత్తి తీసింది ఒక్కటీ లేదు. మీలో ఎవరైనా దాన్ని చూడడానికి వెళ్తుంటే టార్చి, గుడ్డ పట్టుకెళ్లండి, డబ్బు మాత్రం ఇంట్లో వదిలి వెళ్లండి.