జర్మనీలో పిల్లి తిండి: మూడేళ్లుగా కొంటున్న అనుభవం

మా బుజ్జి ఇంటికొచ్చింది ఒక శనివారం సాయంత్రం. ఇక్కడ ఆదివారం దుకాణాలు తెరవరు. మూసేలోపు సూపర్‌మార్కెట్‌కి పరుగెత్తి, పిల్లి బొమ్మ ఉన్న చిన్న డబ్బాలు ఒక డజను పట్టుకొచ్చాను. లోపల ట్యూనా చేప తప్ప ఇంకేమీ లేదు. అచ్చమైన చేప కదా, ఇంతకంటే మంచి తిండి ఏముంటుందని రెండు నెలలు అదే పెట్టాను. అదీ గిన్నె నాకి మరీ తినేది.

టీకాకి తీసుకెళ్తే డాక్టర్ గారు "ఏం పెడుతున్నారు?" అని అడిగారు. ఫోన్లో డబ్బా ఫొటో చూపించాను. వెనక చిన్న అక్షరాల్లో ఉన్న ఒక్క మాట మీద వేలు పెట్టారావిడ: ఎర్గెన్‌జుంగ్స్‌ఫుటర్‌మిటెల్. అంటే అసలు తిండి కాదు, దాంతోపాటు పెట్టేది. అన్నం పెట్టకుండా రెండు నెలలు ఆవకాయే పెట్టానన్నమాట! కాల్షియం, విటమిన్లు, టారిన్ అనే పోషకం తగిన పాళ్లలో ఉన్న పూర్తి తిండి కావాలంటే డబ్బా మీద ఆలైన్‌ఫుటర్‌మిటెల్ అని ఉండాలి. టారిన్ చాలకపోతే పిల్లికి గుండె, కళ్లు దెబ్బతింటాయట. అదృష్టం బాగుండి బుజ్జికి ఏమీ కాలేదు.

అప్పటినుంచి ముందు వైపు బొమ్మలు నమ్మడం మానేశాను. 'మిట్ హూన్', అంటే 'కోడితో' అని పెద్దగా రాస్తారు. యూరప్ నిబంధనల ప్రకారం అలా రాయడానికి కోడి 4 శాతం ఉంటే చాలు! మిగతాది ఏ జంతువుదో, ఏ భాగమో చాలాసార్లు చెప్పరు.

ఎక్కువగా వాడుతున్నది డీఎమ్ అనే దుకాణాల వాళ్ల సొంత బ్రాండ్ డైన్ బెస్టెస్. సబ్బులు, షాంపూలు అమ్మే చోట పిల్లి తిండేమిటని మొదట్లో నవ్వొచ్చింది. 400 గ్రాముల మామూలు డబ్బా యూరో లోపే, నాలుగు కిలోల బుజ్జికి దాదాపు రెండు రోజులు వస్తుంది. సాస్ రకం మాత్రం దండగ, రసం నాకేసి ముక్కలు వదిలేస్తుంది. మెత్తగా ముద్దలా ఉండే పాస్టెటె అయితే గిన్నె ఖాళీ. ఫ్రిజ్‌లోంచి తీసింది చల్లగా పెడితే మూతి తిప్పుకుంటుంది. రెండు చెంచాల వేడినీళ్లు కలిపితే వాసనకే పరుగెత్తుకొస్తుంది (ఆ వాసనకి నేను వంటింట్లోంచి పరుగెత్తుతాను). ఫ్రెస్‌నాఫ్ లాంటి పెద్ద పెట్ షాపుల్లో రకాలు ఎక్కువే, కానీ నా బిల్లూ ఎక్కువే అవుతుంది. ఆన్‌లైన్‌లో ఒకసారి కోడి అడిగితే 24 డబ్బాల గొడ్డుమాంసం వచ్చింది. వెనక్కి పంపేసరికి నా ప్రాణం పోయింది.

అమ్మ మాత్రం ఫోన్లో, "ఈ గోలంతా ఎందుకే, ఇంత పాలన్నం కలిపి పడెయ్యరాదూ!" అంటుంది. పాలు పోస్తే దానికి కడుపు చెడుతుంది, మర్నాడు లిట్టర్ ట్రే (దాని మరుగుదొడ్డి) శుభ్రం చేసేది అమ్మ కాదుగా.

పోయిన వేసవిలో ఫ్రాన్స్‌కి కారులో తీసుకెళ్లాం. ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. అయినా డబ్బా వెనక 'అలిమాఁ కోంప్లె', అంటే 'పూర్తి తిండి' అని వెతికితే సరిపోయింది.

ఇండియా నుంచి పిల్లిని తెచ్చుకునేవాళ్లు అలవాటైన ప్యాకెట్లు సూట్‌కేసులో సర్దకండి. మాంసం ఉన్న తిండిని ఈయూ (యూరోపియన్ యూనియన్) లోకి రానివ్వరు. వైద్యం కోసం వాడే ప్రత్యేక తిండికి మాత్రం 2 కిలోల దాకా మినహాయింపు ఉంది. ముందు రేబిస్ రక్తపరీక్ష సంగతి చూసుకోండి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాకే పిల్లిని తీసుకురావాలి.