గుర్రం బొమ్మ అల్లడానికి ఏది మేలు: కాటనా, యాక్రిలిక్కా, వెల్వెట్ ఊలా?

క్రోషేలో, అంటే కొక్కెంలాంటి హుక్‌తో దారం అల్లే పనిలో, ఎలుగుబంటి అల్లేవాళ్లకు దారం గురించి పెద్దగా ఆలోచించే పని లేదు. దేంతో అల్లినా అది చతికిలబడి కూర్చుంటుంది, ముద్దుగానే ఉంటుంది. గుర్రం అలా కాదు. సన్నటి కాళ్లు నాలుగు, పొడవాటి మెడ, ఆ మెడ చివర బరువైన తల. ఇన్నీ ఉన్న బొమ్మ నిలబడాలి. యూనికార్న్ అయితే పైన కొమ్ము కూడా. అందుకే రంగుల దగ్గరికి వెళ్లకముందే ఏ దారమో తేల్చుకోవాలి.

ఎక్కువమంది వాడేవి మూడు: కాటన్ దారం, యాక్రిలిక్ ఊలు, ఈమధ్య అందరూ మోజు పడుతున్న వెల్వెట్ ఊలు.

కాటన్ బలం ఏమిటంటే అది సాగదు. దారం సాగకపోతే కుట్టు కూడా సాగదు. దూది ఎంత గట్టిగా కూరినా కాలు గొట్టంలా నిటారుగానే ఉంటుంది. యాక్రిలిక్‌లో అదే పని చేస్తే కుట్ల మధ్య సందులు తెరుచుకుని లోపలి తెల్లటి దూది బయటికి కనిపిస్తుంది. పోనీ తక్కువ కూరదామంటే కాళ్లు మడతపడి బొమ్మ ముందుకు పడిపోతుంది. దీనికి విరుగుడు చిన్న హుక్. ఊలు లేబుల్ మీద 5 మి.మీ. హుక్ అని ఉంటే బొమ్మలకు 3.5 మి.మీ. తీసుకోవాలి. లేబుల్ మీద ఉన్నది స్వెటర్లూ శాలువాలూ మెత్తగా జారేలా రావడానికి చెప్పిన కొలత, బొమ్మకు కావలసింది బిగువు. 8 ప్లై (దారం మందం చెప్పే లెక్క) కాటన్‌కైతే 2.5 మి.మీ. హుక్ సరిపోతుంది. కాకపోతే అంత చిన్న హుక్‌తో సాగని దారాన్ని లాగుతుంటే వేళ్లు నొప్పి పుడతాయి. గంటల తరబడి ఏకబిగిన అల్లే అలవాటున్నవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తేడా బాగా తెలిసేది డెక్కల దగ్గర. మ్యాజిక్ రింగ్‌లో (దారాన్ని ఉంగరంలా చుట్టి, అందులో కుట్లు అల్లాక కొస లాగి బిగించేది) 6 కుట్లతో మొదలుపెట్టి, 12, 18 అని పెంచుకుంటూ పోతే చదునైన బిళ్ల వస్తుంది. తర్వాతి వరస పెంచకుండా, కుట్టుకుండే రెండు పోగుల్లో వెనక పోగులో మాత్రమే హుక్ గుచ్చి అల్లితే బిళ్ల అంచు దగ్గర అల్లిక ఒక్కసారిగా పైకి తిరుగుతుంది. కాటన్‌లో ఆ అంచు నాణెం అంచులా స్పష్టంగా ఉండి, డెక్క నేలమీద చదునుగా ఆనుతుంది. యాక్రిలిక్‌లో అంచు కాస్త గుండ్రబడుతుంది. వెల్వెట్‌లో అసలు ఆ వెనక పోగు ఎక్కడుందో కంటికి కనపడదు.

మెడ సంగతీ అంతే. దూదిని పెద్ద ముద్దగా కాకుండా చిన్న చిన్న ఉండలుగా చేసి, మెడ ఛాతీని కలిసే చోట హుక్ వెనక భాగంతో అదుముతూ నింపాలి. తల వాలిపోయేది ఆ మూల ఖాళీగా ఉన్నప్పుడే. ఇలా అదిమినప్పుడు యాక్రిలిక్ మెడ మధ్యలో ఉబ్బిపోవచ్చు, కాటన్ మెడ అల్లినంత లావే ఉంటుంది.

ఇక్కడిదాకా కాటన్‌దే పైచేయి. జూలు, తోక దగ్గరికొస్తే మాత్రం యాక్రిలిక్‌కు సాటి లేదు. ఊలు ముక్కలు కత్తిరించి, ఒక్కోదాన్ని మధ్యకు మడిచి, మెడ మీది కుట్టులోంచి హుక్‌తో ఆ మడతను లాగి, కొసల్ని దాంట్లోంచి దూర్చి బిగిస్తే ముడి పడుతుంది. తర్వాత దువ్వితే యాక్రిలిక్ పోగులు విడిపోయి నిజం జూలులా గుబురుగా లేస్తాయి. కాటన్ కొసలు పురి విప్పుకుని సన్నటి పీచుల్లా చిక్కుపడతాయి. వెల్వెట్‌ను కత్తిరిస్తే నూగు రాలుతుంది.

బొమ్మ పసిపిల్లలకైతే ఈ కత్తిరించిన జూలే వద్దు. వాళ్లు లాగుతారు, ఊడిన పోగు నోట్లో పెట్టుకుంటారు. 25 గొలుసు కుట్లు వేసి, వెనక్కి వస్తూ ఒక్కో గొలుసులో రెండేసి సింగిల్ క్రోషేలు (మామూలు పొట్టి కుట్లు) అల్లితే అదే రింగులు తిరుగుతుంది. అలాంటివి వరసగా గట్టిగా కుట్టేస్తే ముద్దుగానూ ఉంటుంది, భయమూ ఉండదు. 3 ఏళ్ల లోపు వాళ్లకు ప్లాస్టిక్ సేఫ్టీ కళ్లు (లోపలి నుంచి బిళ్లతో బిగించేవి) కూడా పెట్టకండి. నల్ల దారంతో కుట్టిన కళ్లు చాలు.

వెల్వెట్ ఊలును తీసిపారేయలేం. పిల్లలు కౌగిలించుకుని పడుకునే బొమ్మకు ఆ మెత్తదనం ఇంక దేనికీ రాదు. మందంగా ఉంటుంది కాబట్టి పనీ తొందరగా తెములుతుంది. కానీ కుట్లు కనపడవు, వేలితో తడిమి లెక్కపెట్టుకోవాలి. మ్యాజిక్ రింగ్ బిగించేటప్పుడు దారం తెగే ప్రమాదముంది, దాని బదులు రెండు గొలుసులు వేసి, హుక్ నుంచి రెండో గొలుసులో 6 కుట్లు అల్లడం నయం. విప్పి మళ్లీ అల్లితే నూగు రాలి దారం బోడిగా తయారవుతుంది. నిలబడే గుర్రం దీంతో కష్టం, పడుకున్న గుర్రప్పిల్ల చక్కగా కుదురుతుంది. మొదటి బొమ్మే వెల్వెట్‌తో మొదలుపెట్టడం మాత్రం నేను ఒప్పుకోను.

ఉతకడం గురించి ఒక్క మాట. యాక్రిలిక్ త్వరగా ఆరుతుంది కానీ రాపిడికి పైన ఉండలు కడుతుంది. ముదురు రంగు కాటన్ రంగు దిగొచ్చు, కాబట్టి తెల్ల ఒంటికి ఎర్ర డెక్కలు అల్లేముందు దారం ముక్కను తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూడండి.

నన్నడిగితే ముదురు గోధుమరంగు, నల్ల గుర్రాలకు ఒళ్లంతా కాటన్, జూలు మాత్రం యాక్రిలిక్. రెండూ ఒకే బొమ్మలో కలవకూడదన్న రూలేమీ లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తెల్ల యాక్రిలిక్‌తో యూనికార్న్ అల్లుకోవడం మేలు. ఒళ్లూ తెలుపే, దూదీ తెలుపే, సందులు పడ్డా ఎవరికీ తెలీదు. కాటన్‌లా హుక్ గుచ్చినప్పుడల్లా పోగులు విడిపోయే చికాకూ తక్కువ.

కొమ్ము మాత్రం అందులోనూ కాటన్‌తోనే. 4 కుట్లతో మొదలుపెట్టి, వరస విడిచి వరసలో ఒక్కో కుట్టు పెంచుకుంటూ పోతే సన్నటి శంకువు వస్తుంది. దూది కూరి, జరీ దారాన్ని కింది నుంచి కొసదాకా మెలికగా చుట్టి బిగిస్తే గాడులు పడతాయి, యాక్రిలిక్‌లో ఆ గాడులు అంత తీరుగా నిలవవు. చెవులు కుట్టాక కొమ్మును గుండుసూదులతో నిలిపి, బొమ్మను ఎదురుగా పెట్టుకుని చూసి, అప్పుడు కుట్టండి. జూలు ఆ తర్వాతే. ముందే జూలు పెట్టేస్తే కొమ్ముకు చోటు కోసం నుదుటి దగ్గర ముడులన్నీ విప్పుకోవాలి.