ఆటగాడి మనసు బాగోకపోతే కోచా, స్పోర్ట్స్ సైకాలజిస్టా, రుయా ఆసుపత్రి ఓపీనా: ఏది మేలు?

ముందు ఒక్కటి తేల్చుకోవాలి. ఇబ్బంది గ్రౌండ్‌లోనే ఆగుతోందా, ఇంటిదాకా వస్తోందా? ప్రాక్టీసులో బాగా ఆడి మ్యాచ్‌లో మాత్రమే చేతులు వణికితే ఒక దారి. రెండు వారాలుగా నిద్ర పట్టక, అన్నం సయించక, ఆటంటేనే విసుగొస్తుంటే ఇంకో దారి. తిరుపతిలో చాలామంది ఈ రెంటికీ కోచ్ దగ్గరికే పోతారు.

కోచ్ ఎంత మంచివాడైనా టీమ్ లిస్టు రాసేది ఆయనే. భయంగా ఉందని చెప్తే పేరు కొట్టేస్తారేమోనని పిల్లలు దాచేస్తారు. పైగా పిల్లాడు డల్‌గా ఉంటే అలిపిరి మెట్లు ఇంకోసారి ఎక్కించేవాళ్లూ ఉన్నారు. ప్రాక్టీసు ఎక్కువై నీరసపడ్డవాడికి అది మరీ చేటు. మార్పు గమనించడం, లోడు తగ్గించడం, సరైన చోటికి పంపడం వరకే కోచ్ పని.

గ్రౌండ్‌లో ఇబ్బందికి స్పోర్ట్స్ సైకాలజిస్టే మేలు. ఆర్చరీలో టార్గెట్ ప్యానిక్ చూడండి. గురి పసుపు మధ్యకి చేరకముందే వేళ్లు బాణాన్ని వదిలేస్తాయి. ధైర్యం చెప్తే అది పోదు. టార్గెట్ పేపర్ తీసేసి, మూడు నాలుగు మీటర్ల నుంచి ఖాళీ బట్‌కి (బాణాలు గుచ్చుకునే దిమ్మకి), విల్లు లాగి దిశ సరిచూసుకున్నాక కళ్లు మూసుకుని వేయించాలి. ధ్యాసంతా రిలీజ్ మీదే. కొన్ని వారాలు పోయాక దగ్గర్లోనే పెద్ద పేపర్, ఆ తర్వాతే దూరం. తొందరపడి 70 మీటర్లకి పోతే జబ్బు మళ్లీ మొదటికొస్తుంది. అందుకే దీన్ని టోర్నమెంటుకి కనీసం రెండు నెలల ముందే మొదలుపెట్టాలి. ఊళ్లో మనిషి దొరక్కపోతే వీడియో కాల్‌లోనూ నడుస్తుంది. ‘మైండ్ కోచ్’ అని బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్టునంటే మాత్రం ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి.

ఇంటిదాకా వచ్చినదానికి తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ. జనం ఏమనుకుంటారోనన్న బెరుకే అక్కడికి పోనివ్వదు. ఓడినవాళ్లకే ఇదొస్తుందనుకోవద్దు, 2008లో బీజింగ్ స్వర్ణం గెలిచాకే తన మనసు బాగా కుంగిందని షూటర్ అభినవ్ బింద్రా బహిరంగంగానే చెప్పారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షల గురించి కూడా అడగండి, ఒంట్లో లోపం వల్లా ఇలాంటి నీరసం వస్తుంది.

డాక్టర్‌కి ఏ ఆట ఆడతారో తప్పక చెప్పాలి. డోపింగ్ రూల్స్ ప్రకారం, వణుకు తగ్గడానికి రాసే ప్రొప్రనలాల్ ఆర్చరీ, షూటింగ్ వాళ్లకి పోటీల్లేని రోజుల్లో కూడా నిషిద్ధం. ఏడీహెచ్‌డీకి (ధ్యాస కుదరని సమస్యకి) ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ అన్ని ఆటల్లోనూ పోటీ సమయంలో నిషిద్ధం, వాడక తప్పకపోతే టీయూఈ (వైద్యం కోసం ఆ మందు వాడుకోనిచ్చే మినహాయింపు) అనుమతి తెచ్చుకోవాలి. డిప్రెషన్‌కి మామూలుగా రాసే ఎస్ఎస్ఆర్ఐ మాత్రలకి ఈ చిక్కు లేదు. అవి పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదట్లో కడుపులో తిప్పుతుంది, నిద్ర తేడా చేస్తుంది. గుణం కనపడలేదని వారానికే మానేసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

అర్ధరాత్రి గుబులు పుడితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బాణం వదలడం మాత్రం వాళ్లు నేర్పరు. చచ్చిపోతాననే మాట నోట వస్తే ఈ పోలికలేవీ వద్దు. ఒంటరిగా వదలకుండా వెంటనే క్యాజువాలిటీకి తీసుకుపోవాలి, బండి లేకపోతే 108.